ఇంటి పిల్లికి దోషం లేదు

మా ఇంట్లోంచి బయటికి వెళ్లడం అంత తేలికైన పని కాదు. చెప్పులు వేసుకున్నంత మాత్రాన ప్రయాణం ఖాయమైనట్టు కాదు. ఎవరైనా తుమ్మితే ఆగాలి. వెంటనే ఇంకో తుమ్ము పడితే ఆగక్కర్లేదు. రెండో తుమ్ము పడకపోతే చెప్పులు విప్పి, లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆ నీళ్లు తాగేటప్పుడు పొలమారితే ఏం చెయ్యాలన్నదానికి కూడా మా మామ్మ దగ్గర జవాబు ఉండేది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. వీధరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, ఇంట్లోంచి ఎవరు ఏ వేళకి కదలాలో నిర్ణయించేది ఆవిడే.

ఆవిడ నియమాలకి మినహాయింపులుండేవి. పిల్లి అడ్డం వస్తే ఆగాలి, కానీ ఇంటి పిల్లికి దోషం లేదు. కొబ్బరికాయల కొట్టులో ఎలుకల కోసం పెంచిన పిల్లి మా ఇంట్లో పొద్దస్తమానం కాళ్లకి అడ్డం పడేది. దానికి దోషం అంటగడితే ఇంట్లోంచి ఒక్కరు కదలలేరు. అందుకని మామ్మ దాన్ని వదిలేసింది. ఖాళీ బిందె ఎదురైతే ఆగాలి, నిండు బిందె ఎదురైతే పని అయినట్టే. భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే ఆగాలి, కన్నతల్లి అయితే ఆగక్కర్లేదు. ఈ చివరిది మామ్మ నోటితో చెప్పగా నేను చిన్నప్పుడు వినలేదు. చెప్పక్కర్లేకుండానే అమలైపోయేది. ఎందుకంటే మా ఇంట్లో అత్తయ్య ఉండేది.

అత్తయ్య నాన్నగారి చెల్లెలు. రాజోలు వైపు ఇచ్చారు. పెళ్లయిన రెండో ఏడు మావయ్య జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు, పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది, ఒళ్లు వెచ్చబడితే పక్కన పడుకునేది ఆవిడే. అమ్మకి వంటతోనూ పశువులతోనూ తెల్లారిపోయేది. నన్ను అత్తయ్యకి ఒప్పగించేసింది, ఇద్దరికీ అదే బాగుండేది.

నేను హైస్కూల్లో చేరిన కొత్తలో ఒకరోజు నాన్న కాయలోనే ఎండిన కురిడీ కొబ్బరి బేరానికి అంబాజీపేట బయల్దేరారు. గేదెకి కుడితి పోసి ఖాళీ బకెట్టుతో వస్తున్న అత్తయ్య గేటు దగ్గర ఎదురైంది. నాన్న పట్టించుకోకుండా వెళ్లిపోయారు. వానకి నానిన కాలవగట్టు మీద మోపెడ్ జారి కాలవలో పడ్డారు. కాలు విరిగింది. ఆ వారంలో అదే గట్టు మీద ఇంకొందరు కూడా జారారు. వాళ్లకి ఎవరు ఎదురొచ్చారో ఎవరూ అడగలేదు.

మామ్మ అత్తయ్యని ఒక్క మాట అనలేదు. అనలేదన్నది నిజం. కానీ ఆ తర్వాత ఎవరైనా చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడితే చాలు, అత్తయ్య దొడ్లోకి వెళ్లిపోయేది. అక్కడ కొబ్బరాకు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చునేది. వెళ్లమన్నవాళ్లు లేరు, ఉండమన్నవాళ్లూ లేరు. మా ఇంట్లో చీపుళ్లకి మాత్రం ఎప్పుడూ లోటుండేది కాదు. నేను బడికి వెళ్తూ దొడ్డివైపు తిరిగి "వెళ్లొస్తానత్తయ్యా" అని అరిచేదాన్ని. బదులు వచ్చేది కాదు. పలికితే వెనక నుంచి పిలిచినట్టవుతుందట. దానికీ ఒక నియమం ఉంది.

తొంభైల చివర్లో ఎం.సి.ఎ. చదవడానికి విశాఖపట్నం వెళ్లాను. అక్కడ యంత్రాలకి ఆలోచన నేర్పడం గురించి ఒక పాఠం ఉండేది. పక్షులు ఎగురుతాయి, ఇది పక్షి, కాబట్టి ఇది ఎగురుతుంది. పాత తర్కంలో ఇలా ఒకసారి తేలిందంటే తేలినట్టే. తర్వాత ఎన్ని కొత్త సంగతులు తెలిసినా, తేలినదాన్ని వెనక్కి తీసుకోవడం ఉండదు. మనుషులం అలా ఆలోచించం. పక్షి అనగానే ఎగురుతుందనుకుంటాం, అది పెంగ్విన్ అని తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకుంటాం. అన్నీ తెలిసేదాకా ఆగితే ఏ పనీ జరగదు కాబట్టి, తెలిసినంతలో ఒక మాట అనుకుని, తెలియనిది తెలిశాక దిద్దుకుంటాం. యంత్రం చేత కూడా ఇదే చేయించడం ఎలా అన్నది పాఠం. దానికి ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను మాత్రం నాలో నేను 'ప్రస్తుతానికి తర్కం' అనుకునేదాన్ని.

ఆ పాఠం వింటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఒక తుమ్ముకి ఆగు, రెండో తుమ్ముకి ఆ మాట వెనక్కి తీసుకో. పిల్లికి ఆగు, ఇంటి పిల్లికి ఆగకు. సామాన్యమైన నియమమూ ప్రత్యేకమైన నియమమూ ఢీకొంటే ప్రత్యేకమైనదే నెగ్గుతుందని మాస్టారు బోర్డు మీద రాస్తుంటే, తాతకి దగ్గులు నేర్పుతున్నారనిపించింది. మా మామ్మ ఇదంతా అరుగు మీద కూర్చుని, సుద్దముక్క లేకుండా నడిపిస్తోంది.

చదువయ్యాక అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదిరాను. జీతం ఆటో ఖర్చులకి పోగా మిగిలేది తక్కువ. పెంగ్విన్ మా పిల్లలకి టీవీలో తప్ప తెలీదని, పక్షే గానీ ఎగరని పక్షికి ఉదాహరణగా కోడి అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "కోడి ఎగరదని ఎవరన్నారండీ? మా పుంజు పెంకుటింటి కప్పు మీదే ఉంటాదండీ. దింపలేక చస్తన్నామండీ" అన్నాడు. క్లాసంతా గోల. మినహాయింపుకి మినహాయింపు అప్పటికప్పుడు దొరికింది కదా అని నేనూ నవ్వేశాను.

ఆ గోలలోనే నాకు ఒక ఆలోచన వచ్చింది. పెంగ్విన్‌లూ కోళ్లూ ఎందుకు, మామ్మ శకునాలన్నీ కంప్యూటర్లో పెట్టి పిల్లల చేత ప్రోగ్రాం రాయిద్దామని. ఇలాంటి ప్రోగ్రాములకి ప్రతి నియమం పక్కనా అది ఎంత నమ్మదగినదో కూడా చెప్పాలి. పూర్తిగా నిజం, పూర్తిగా అబద్ధం అన్నవి కాక, మధ్యలో ఉన్నవే ఎక్కువ. ఒక ఆదివారం మామ్మ కుర్చీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. మామ్మ ముఖం వెలిగిపోయింది. తన విద్య కాలేజీలో చెబుతారంటే ఎవరికి ఆనందం ఉండదు?

"ఒంటి తుమ్ముకి పని చెడడం ఎంత ఖాయం మామ్మా? పదహారణాలా?"

"అబ్బే, అంతెక్కడిదే. ఎనిమిదణాలు."

"పిల్లికి?"

"పన్నెండణాలు వేసుకో."

"ఇంటి పిల్లికి?"

"దానికి దోషం ఏంటే? అది ఇంట్లో మనిషి లాంటిది."

నేను రాయడం ఆపేశాను. "ఇంట్లో మనిషికి దోషం లేదన్నమాట. మరి అత్తయ్య ఇంట్లో మనిషి కాదా?"

మామ్మ చీర చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు. ఊరుకునే స్వభావం నాకు పుట్టుకతోనే లేదు.

"తాతయ్య పోయి ఎన్నేళ్లైంది? నువ్వు రోజూ నాకు ఎదురొస్తున్నావు. నీకెన్నణాలు?"

"నేను తల్లిని కదే. తల్లికి దోషం లేదు."

"నాన్నకి తల్లివి. నాకు కాదు."

"మీ నాన్నకి తల్లినైతే నీకూ తల్లినే."

"అయితే నన్ను పెంచిన మనిషి నాకేమవుద్ది?"

మామ్మ పడక్కుర్చీలో అటు తిరిగి కూర్చుంది. "పొయ్యి మీద పాలున్నాయి. పొంగిపోతాయి, వెళ్లి చూడు" అంది.

పొయ్యి మీద పాలు లేవు. నాకు ఒళ్లు మండిపోయింది. తల్లికిచ్చిన మినహాయింపుని నాయనమ్మ దాకా సాగదీసుకున్న మనిషికి, ఇంకొక్క అడుగు సాగదీయడానికి చెయ్యి రాలేదు. ఇంటి పిల్లికి ఉన్న వెసులుబాటు ఇంటి ఆడపడుచుకి లేదు. ఈ నియమాలు నేను ప్రోగ్రాంలో పెట్టనని ఆ రోజే అనుకున్నాను. పిల్లల చేత కోడి మీదే రాయించాను.

ఈ సంభాషణంతా అత్తయ్యకి వినబడింది. సాయంత్రం దొడ్లో నా దగ్గరికొచ్చి, "నా గురించి నువ్వు వాదించకు" అంది.

"కాకి వాలిందని తాటిపండు పడదత్తయ్యా. నాన్న కాలు విరగడానికి నువ్వా కారణం?"

"అది నాకు తెలీదా? కానీ పండు నెత్తి మీద పడినోడు మట్టుకు కాకినే చూస్తాడు." కింద రాలిన కొబ్బరాకు ఒకటి పక్కకి లాగి మళ్లీ అంది. "నేనెదురొచ్చి నీకు మంచి జరిగితే అది ఎవరికీ గుర్తుండదు. చెడు జరిగితే ఇంకెవరు మర్చిపోయినా నేను మర్చిపోలేను. నాకెందుకే ఆ బాధ?"

ఆవిడ అన్నది నిజమే. సాక్ష్యం ఒకవైపే లెక్కకొచ్చే చోట ఎన్ని మంచి రోజులు గడిచినా ఆ నియమం సడలదు. కానీ సరైన మాట విన్నంత మాత్రాన ఊరుకోవాలని లేదు కదా. నేను బయల్దేరే ప్రతిసారీ ఆ మనిషి దొడ్లోకి వెళ్లడం చిన్నప్పుడు మామూలుగా ఉండేది, ఇప్పుడు గుండెల్లో ముల్లులా ఉంది. ఒక్కసారైనా ఆవిడ మొహం చూసి గేటు దాటాలని పట్టుపట్టాను.

ఆ వేసవిలో కాకినాడ వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. నాకు చాలా కావలసిన ఉద్యోగం. మా ఊరు ముక్తేశ్వరం దారిలో. రేవుకెళ్లి, గోదావరి దాటించే పంటెక్కి కోటిపల్లిలో దిగి, అక్కడ బస్సు పట్టుకోవాలి. ఎనిమిదింటికి బయల్దేరమని మామ్మ వేళ పెట్టింది.

ముందురోజు అత్తయ్యకి నా పథకం చెప్పాను. వీధి కుళాయి దగ్గర బిందె నింపుకుని, నేను గేటు దాటే వేళకి ఎదురు రావాలి. నిండు బిందె మంచి శకునం. ఆవిడేమో చెడ్డ శకునం. రెండూ ఒకేసారి వస్తే, ఒకదాన్ని మించిన ప్రత్యేకత రెండోదానికి లేదు కాబట్టి, తర్కం ఎటూ తేల్చదు. తేల్చకపోవడమే నాక్కావాలి. తేలనప్పుడు దొడ్లోకి వెళ్లాల్సిన పని కూడా లేదు.

అత్తయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నీకు చదువెక్కువైపోయింది" అంది. "నువ్వు రాకపోతే నేను వెళ్లను" అన్నాను. నా మొండితనం ఆవిడ పెంచినదే, ఆవిడకి తెలుసు.

మర్నాడు వచ్చింది. తెల్లచీర కాదు, ఆవిడెప్పుడూ కట్టే బండార్లంక నేతచీరే, ఆకుపచ్చది. చంకలో నిండు బిందె. నడుస్తుంటే నీళ్లు తొణికి చీర కుచ్చిళ్లు తడిశాయి. తల వంచుకుని వస్తుంటే నేనే అడ్డంగా నిలబడి తలెత్తేదాకా ఆగాను. ఎత్తింది. భయంతో ఆవిడ పెదాలు పాలిపోయి ఉన్నాయి. "వెళ్లొస్తానత్తయ్యా" అన్నాను. "వెళ్లిరా తల్లీ" అంది. ఆ మాట వినడం నాకదే మొదటిసారి. అరుగు మీద మామ్మ పడక్కుర్చీలోంచి ముందుకి వంగి చూసింది.

పంటు నది మధ్యకి వెళ్లాక ఇసుకలో దిగబడిపోయింది. ఎండాకాలం గోదావరిలో ఇది వింత కాదు. పంటువాళ్లు గడలేసి తోశారు, తర్వాత మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి నెట్టారు. కదల్లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తలపాగా విప్పి విసురుకుంటూ, "ఇవాళ ఎవరి మొహం చూసి బయల్దేరేమో" అన్నాడు.

"ఇంతమందిమీ ఒకరి మొహమే చూసి బయల్దేరేమాండీ?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. ఆయన తెల్లబోయి, "మాటవరసకన్నానమ్మా" అన్నాడు.

ఇంకో పడవొచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. బస్సు పట్టుకుని కాలేజీకి చేరేసరికి పిలవాల్సినవాళ్లందర్నీ పిలవడం అయిపోయింది. లోపలున్నవాళ్లు భోజనాలకి లేచారు. ఆఫీసులో ఒకాయన మర్యాదగానే చెప్పాడు. ఒకర్ని తీసుకున్నారట, మళ్లీ ఏడాది చూద్దామన్నారట. నా కాగితాలు ఎవరూ తెరిచి చూడలేదు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. నాన్న, అమ్మ, మామ్మ ముగ్గురూ నడవలోనే ఉన్నారు. జరిగింది చెప్పాను. నాన్న "పోన్లే" అన్నారు. అమ్మ దొడ్డిగుమ్మం వైపు చూసింది. చూసి వెంటనే చూపు తిప్పుకుంది. గోదావరిలో ఇసుకమేటలున్నాయని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేట ఎందుకుందని ఎవరూ అడగరు. ఇవాళే ఎందుకు తగిలిందన్నదే వాళ్ల ప్రశ్న. దానికి జవాబు దొడ్లో కూర్చునుంది.

"పొద్దుటినుంచి మీ అత్తయ్య మెతుకు ముట్టలేదే" అంది అమ్మ నెమ్మదిగా.

నేను పిలిచాను. అత్తయ్య దొడ్డిగుమ్మం దాకా వచ్చి, గడప అవతలే ఆగిపోయింది. మా మాటలు విన్నట్టే ఉంది. "నేను చెప్పేను కదే" అంది. అంతే.

నాకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోయినందుకు కాదు. ఆవిడని నేనే లాక్కొచ్చి గేటు ముందు నిలబెట్టాను, ఇక ఈ జన్మకి ఈ మనిషి వీధి గుమ్మం వైపు రాదు అనుకున్నాను.

"తప్పు నాది" అంది మామ్మ.

అందరం అటు తిరిగాం.

"ఇవాళ ఎనిమిదింటికే వర్జ్యం. చూసుకోకుండా పిల్లని పంపేసేను. వర్జ్యంలో బయల్దేరితే ఎదురు బ్రహ్మదేవుడొచ్చినా పనవదు."

నాన్న నమ్మలేనట్టు చూశారు. "నువ్వు వర్జ్యం చూసుకోకపోవడమేంటే అమ్మా?"

"నీ చెల్లెలు పొద్దున్నే క్యాలెండరు చదివి చెప్పింది. నేనే చెవిని పెట్టలేదు. ముసల్దాన్నైపోయేను, మరుపొచ్చేసింది, ఏం చెయ్యమంటావ్?" అని విసుక్కుంది.

ఒక తీర్మానాన్ని పడగొట్టడానికి రెండు దారులున్నాయి. అది అబద్ధమని రుజువు చెయ్యడం ఒకటి. కారణానికీ ఫలితానికీ మధ్య ముడి తెంపేసి, నియమాన్ని అలాగే వదిలెయ్యడం ఇంకోటి. నేను మొదటిదాని కోసం ఇన్నాళ్లూ తల బాదుకున్నాను. మామ్మ రెండోది చేసింది. ఆవిడ ఆ నియమాన్ని పోయేదాకా వదులుకోలేదు, భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే నీళ్లు తాగి వెళ్లమని పక్కింటివాళ్లకి చెబుతూనే ఉంది. కానీ వేళలు పెట్టడంలో ఊళ్లో తనకి సాటి లేదనుకునే మనిషి, వేళ తప్పానని కొడుకు ముందు, కోడలి ముందు ఒప్పుకుంది. ఆ మాట ఆవిడ నోట వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

శుక్లాలొచ్చి మామ్మకి చూపు ఆనక చాలా కాలమైంది. రోజూ పొద్దున్నే గోడ మీద క్యాలెండరు చదివి చెప్పేది అత్తయ్యే. ఆ పొద్దున ఆవిడ చదువుతుంటే నేను పక్కనే జడ వేసుకుంటున్నాను. వర్జ్యం మధ్యాహ్నం దాటాక అని చదివింది. మామ్మ రెండుసార్లు అడిగి మరీ వింది.

అత్తయ్య గడప అవతల నిలబడి వాళ్లమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మామ్మ ఇటు చూడలేదు. చీర చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

"అవునన్నయ్యా. ఎనిమిదింటికే. నేను చదివేను" అంది అత్తయ్య.

గడప దాటి లోపలికొచ్చింది. మా అందరి మధ్యలోంచి నడిచి వెళ్లి, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది.

"వదినా, అన్నం పెట్టు. ఆకలేస్తోంది."